పేరే గానీ ఊరు చెప్పని రాళ్లు

ఐర్లండ్ నడిబొడ్డున, షానన్ నది ఒడ్డున, క్లోన్‌మక్‌నాయిస్ అనే పాత మఠం ఉంది. ఆరో శతాబ్దం నడుమ కీరాన్ అనే సాధువు నెలకొల్పాడు. ఇప్పుడక్కడ మిగిలినవి కప్పులేని చర్చిలు, రెండు గుండ్రటి బురుజులు, వాటి చుట్టూ గడ్డిలో ఒరిగిన సమాధిరాళ్లు. ఆ గడ్డి కింద నుంచీ ఆ గోడల సందుల నుంచీ బయటపడ్డ చెక్కుడు పలకలు పూర్తివీ ముక్కలూ కలిపి 700 దాకా ఉన్నాయి. ఎక్కువగా ఇసుకరాయి. పలక నడుమ ఒక శిలువ, దాని పక్కన రెండు మూడు మాటలు. చాలాసార్లు ఆ మాటలు "ఓర్ దో" అని మొదలై ఒక పేరుతో ఆగిపోతాయి. "ఓర్" అన్నది "ఒరోయిత్" అనే పాత ఐరిష్ మాటకు సంక్షిప్తం. లాటిన్‌లో ప్రార్థనకు వాడే మాటే చర్చితో పాటు ఆ దేశం చేరి అలా మారింది. రెండక్షరాలు చెక్కి, మాట కుదించామని తెలిసేలా పైన ఒక అడ్డగీత గీసేవారు. "ఫలానావారి కోసం ఒక ప్రార్థన." అంతే సంగతి. తండ్రి పేరు అరుదు, పదవి అరుదు, సంవత్సరం అసలే ఉండదు.

ఇలాంటి రాళ్లు క్లోన్‌మక్‌నాయిస్‌లోనే కాదు, ఐర్లండ్ అంతటా శిథిల చర్చిల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల ఒకటీ రెండూ, కొన్నిచోట్ల పదులకొద్దీ. వీటి గురించి రెండు వందల ఏళ్లుగా పండితులు అడుగుతున్న ప్రశ్నలు మూడు: ఇవి ఎవరివి, ఎప్పటివి, ఎందుకు చెక్కారు? మొదటి రెండింటి వెనక పరుగెత్తడంలో మూడోది చాలాకాలం వెనకబడింది. నా ఉద్దేశంలో ఈ రంగంలో జరిగిన మంచి పనంతా మూడో ప్రశ్నను ముందుకు తెచ్చినప్పుడే జరిగింది.

ముందుగా మొదలు ఎక్కడో చూడాలి. ఐర్లండ్‌లో రాతిమీద రాత లాటిన్ అక్షరాలతో మొదలు కాలేదు. నాలుగో శతాబ్దం ప్రాంతం నుంచి ఓగమ్ అనే లిపి ఉంది. నిలువురాయి అంచునే గీతగా చేసుకుని, దానికి అటూ ఇటూ, అడ్డంగా, ఏటవాలుగా గాట్లు పెడితే అక్షరాలవుతాయి. ఐర్లండ్, బ్రిటన్‌లలో కలిపి ఇలాంటివి 400 దాకా తెలుసు. కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ జిల్లాల్లో దట్టంగా ఉన్నాయి. అవి "ఫలానావాడి కొడుకు ఫలానావాడు" అని వంశం చెప్పుకునే రాళ్లు. కెర్రీలో బ్రాండన్ కొండమీద అరగ్లెన్ దగ్గరున్న రాయి ఇదే పద్ధతిలో మాట్లాడుతూ, రోనాన్ అనే మనిషిని కొమోగన్ కొడుకని చెబుతూనే, ముందు "పురోహితుడు" అని చేర్చింది. పాత పద్ధతి వంశరాయి మీద కొత్త మతం పదవి చేరిందన్నమాట.

లాటిన్ అక్షరాల వైపు తొలి అడుగు గాల్వే జిల్లాలో కనిపిస్తుంది. లాక్ కొరిబ్ సరస్సులో ఇంచగోయిల్ అనే దీవి, దానిమీద పాట్రిక్ పేరున్న శిథిల చర్చి, దాని దగ్గర మోకాలు దాటి కాస్త ఎత్తున్న సన్నని రాయి. దానిమీద "మెన్వే కొడుకు లుగ్వేడన్ రాయి" అని ఉంది. ఐర్లండ్‌లో లాటిన్ అక్షరాలతో చెక్కిన అతి పాత శాసనాల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. అక్షరాలు కొత్తవే, చెప్పే తీరు మాత్రం ఓగమ్‌దే. ప్రార్థన ఊసు లేదు. "ఈ రాయి ఇతనిది" అనడం నుంచి "ఇతని కోసం ప్రార్థించండి" అనడం దాకా ఐరిష్ సమాజం నడిచిన దూరం ఈ శాసనాల అసలు చరిత్ర. మొదటి మాట చనిపోయినవాడి హక్కు చాటుతుంది. రెండో మాట బతికున్నవాడి నోరు అడుగుతుంది.

ఆ మార్పు మధ్యలో ఎక్కడో కెర్రీలోనే కిల్‌మల్కెడార్ రాయి నిలుస్తుంది. పన్నెండో శతాబ్దపు చర్చి శిథిలం పక్కన నిలబెట్టిన ఆ స్తంభం మీద ఒక మనిషి పేరు లేదు, లాటిన్ అక్షరమాల ఉంది. చదువు నేర్పడానికి చెక్కారని కొందరు, చర్చిని ప్రతిష్ఠించేటప్పుడు బిషప్ నేలమీద అక్షరమాల రాసే క్రతువుతో ముడిపెట్టి కొందరు చెబుతారు. ఏదైనా, అక్షరానికే ఒక పవిత్రత ఉందని నమ్మిన చోట పుట్టిన రాళ్లివి. ఆ సంగతి మరిచిపోతే మిగతా పలకల మీది రెండు మాటలు మనకు మరీ బీదగా కనిపిస్తాయి.

ఆధునిక అధ్యయనం జార్జ్ పెట్రీతో మొదలవుతుంది. 1790లో పుట్టిన ఈ చిత్రకారుడు యువకుడిగా ఉన్నప్పుడే క్లోన్‌మక్‌నాయిస్ వెళ్లి పలకల బొమ్మలు గీసుకున్నాడు. అక్కడ యాత్రికులు శిథిలాల చుట్టూ ప్రదక్షిణ చేస్తుండగా అతను చిత్రించిన నీటిరంగుల బొమ్మ ఐర్లండ్‌లో ఇప్పటికీ ప్రసిద్ధం. అతను గీసినవాటిలో కొన్ని రాళ్లు ఆ తర్వాత పగిలాయి, కొన్ని అరిగాయి. అందువల్ల ఆ బొమ్మలే ఇవాళ కొన్నిటికి సాక్ష్యం. పెట్రీ 1866లో పోయాక ఆ గీతలను సేకరించి, సరిచూసి, "ఐరిష్ భాషలోని క్రైస్తవ శాసనాలు" అనే రెండు సంపుటాలుగా 1872 నుంచి 1878 దాకా వెలువరించింది మార్గరెట్ స్టోక్స్. తండ్రి డబ్లిన్‌లో పేరుమోసిన వైద్యుడు, పెట్రీ జీవితచరిత్ర రాసింది ఆయనే. మార్గరెట్ స్వయంగా మంచి చిత్రకారిణి. ఈ రంగంలో ఆమె పేరు పెట్రీ నీడలో పడిపోయింది గానీ, ఆమె లేకపోతే పెట్రీ కాగితాలు కాగితాలుగానే ఉండిపోయేవి.

ఈ కుటుంబంతో మనకూ ఒక చుట్టరికం ఉంది. మార్గరెట్ అన్న విట్లీ స్టోక్స్ 1862లో మద్రాసు వచ్చి, తర్వాత కలకత్తాలో ప్రభుత్వ న్యాయశాఖలో పైపైకి ఎదిగాడు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఇప్పటికీ పేరు వినిపించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం లాంటివాటి రూపకల్పనలో ఆయనది పెద్ద చెయ్యి. పగలంతా చట్టాల ముసాయిదాలు రాసే ఆ మనిషి పాత ఐరిష్ భాషలో తన కాలపు అగ్రశ్రేణి పండితుడు. కోర్మాక్ పేరుతో ఉన్న మధ్యయుగపు ఐరిష్ నిఘంటువు అనువాదాన్ని 1868లో కలకత్తాలోనే అచ్చువేయించాడు. చెల్లెలు అక్కడ రాళ్లమీద చదువుతున్న మాటలను అన్న ఇక్కడ వేసవి ఉక్కలో కూర్చుని తాళపత్రంలా ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

పెట్రీ పెట్టిన పద్ధతి సులువుగా అర్థమవుతుంది. ఐర్లండ్ మఠాల్లో ఏడాదివారీ వృత్తాంతాలు రాసుకునేవారు: ఏ ఏడు ఏ మఠాధిపతి పోయాడు, ఏ రాజు గెలిచాడు, ఎక్కడ మంటలు రేగాయి అని. పలక మీద పేరు చూడు, ఆ పేరు వృత్తాంతంలో వెతుకు, దొరికితే అతను పోయిన ఏడే రాయి వయసు. కొన్నిచోట్ల ఇది అద్భుతంగా కుదిరింది. క్లోన్‌మక్‌నాయిస్ పలక ఒకటి "మయిల్ ఉమయి కొడుకు సువ్నే" అంటుంది. ఆ మఠంలో అదే తండ్రి పేరున్న సువ్నే అనే ఏకాంతవాసి, గొప్ప లేఖకుడు, 891 ప్రాంతంలో పోయాడని ఐరిష్ వృత్తాంతాలు చెబుతాయి. సముద్రం అవతల ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ కూడా ఆ ఏటి కిందే ఐరిష్ వారిలో అత్యుత్తమ గురువైన సువ్నే పోయాడని రాసుకుంది. రాయి, సొంత దేశపు పుస్తకం, పరాయి దేశపు పుస్తకం మూడూ ఒకే మనిషిని చూపించడం ఏ దేశపు శాసనాల్లోనైనా అరుదు. అలాగే "ఓద్రాన్, ఓలాస్ మనవడు" అన్న పలక పదో శతాబ్దం చివర పోయిన ఆ మఠపు లేఖకుడితో సరిపోతుంది.

చిక్కల్లా ఈ రెండు మూడు విజయాలు చూసి మిగతా వందలాది పేర్లనూ అదే గాటన కట్టడంలో వచ్చింది. "కోల్మాన్ కోసం ప్రార్థన" అన్న పలక ఉందనుకోండి. వృత్తాంతాల్లో కోల్మాన్‌లు లెక్కలేనంతమంది. ఆ పేరు మనకు రామయ్య లాంటిది. వీరిలో ఏ మఠాధిపతినో ఎంచి అతని ఏడు రాయికి అంటగడితే, ఆ ఏడును పట్టుకుని శిలువ నమూనాకు వయసు కడితే, ఆ నమూనాతో పక్క ఊరి పలకకు వయసు కడితే, పునాది లేని మేడ లేచినట్టే. అలాంటి మేడలు చాలా లేచాయి.

ఆర్. ఎ. ఎస్. మెకాలిస్టర్ ఈ కథలో తప్పించుకోలేని మనిషి. పాలస్తీనాలో గెజెర్ అనే పాత ఊరు తవ్వి వచ్చి, 1909 నుంచి డబ్లిన్‌లో ఆచార్యుడయ్యాడు. ఆ ఏడాదే క్లోన్‌మక్‌నాయిస్ పలకలమీద పుస్తకం తెచ్చాడు. 1945లో, 1949లో ఓగమ్ మొదలుకొని లాటిన్ అక్షరాల దాకా శాసనాలన్నిటినీ రెండు పెద్ద సంపుటాలుగా కూర్చాడు. ఎవరు ఈ పని మొదలుపెట్టినా ఇప్పటికీ ముందు తెరిచేది ఆ సంపుటాలనే. కానీ అరిగిన రాతిమీద లేని అక్షరం కూడా ఆయన కంటికి ధైర్యంగా కనిపించేది. తర్వాతివారు అదే రాయి ముందు నిలబడి అందులో సగం అక్షరాలు చూడలేకపోయారు. చదివేవాడు ఏం ఆశిస్తాడో రాయి అదే చూపిస్తుంది. ఈ ప్రమాదం ఆయన ఒక్కడిది కాదు, రాతమీద ప్రేమ ఉన్న ప్రతివాడిదీ.

1961లో లియొనార్డ్ అనే పండితుడు దారి మార్చి, పేర్లను పక్కనపెట్టి శిలువ ఆకారాలను వర్గీకరించాడు: చతురస్రపు చట్రంలో శిలువ, వలయంతో శిలువ, చివరలు విప్పారిన శిలువ ఇలా. ఉపయోగపడే పనే. అయితే ఆ వర్గాలకు కాలం కట్టడానికి మళ్లీ వృత్తాంతాల పేర్లే ఆధారమయ్యాయి. 1990ల్లో క్యాథరిన్ స్విఫ్ట్ ఈ తర్కం తన చుట్టూ తానే తిరగడాన్ని బయటపెట్టింది. వృత్తాంతంలో పేరు దొరకడం ఎంత సులువో, అది ఆ మనిషే అని నిరూపించడం ఎంత కష్టమో చూపించింది. ఆ దశాబ్దంలోనే రాగ్నల్ ఓ ఫ్లిన్ క్లోన్‌మక్‌నాయిస్ పలకల కాలక్రమాన్ని మళ్లీ తడిమి చూశాడు. 2001లో ఎలిజబెత్ ఒకాషా, క్యాథరిన్ ఫోర్‌సైత్ కలిసి మన్‌స్టర్ ప్రాంతపు శాసనాల సంకలనం తెచ్చారు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన పుస్తకం అదే. ప్రతి రాయి దగ్గరా ముందు కంటికి కనిపించే అక్షరం, తర్వాత పాత చదువులు ఒక్కొక్కటీ, చివరగా అర్థం. చదవలేని చోట చదవలేమని రాశారు. ఆ ఒక్క నిజాయితీ వల్ల మెకాలిస్టర్ చదువులు ఎన్నో రాలిపోయాయి. పోగొట్టుకున్నదానికన్నా గట్టిగా మిగిలినదే ఎక్కువ విలువైంది.

వృత్తాంతానికీ రాతికీ పొంతన కుదరనప్పుడు ఏమవుతుందో చూడాలంటే కార్క్ జిల్లాలో టల్లీలీస్ వెళ్లాలి. పాడుబడిన చర్చిలో పలక ఒకటి ఉంది. దానిమీద చిక్కని అల్లికల శిలువ. ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ సువార్త గ్రంథపు అలంకార పుటలతో దాన్ని పోలుస్తూ వచ్చారు. కింద లాటిన్‌లో "ఈ రాత ఎవరు చదివినా బెరెఖ్త్‌వినె కోసం ప్రార్థించాలి" అని ఉంది. ఆ పేరు ఐరిష్ పేరు కాదు, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడి పేరు. ఆ పేరున్న అక్కడి సాధువు 839లో పోయాడని వృత్తాంతం అంటుంది. శిల్పం తీరు ఎనిమిదో శతాబ్దం అనిపిస్తోందని చాలామంది కళాచరిత్రకారులు. అయితే రాయి సాధువు చావుకు చెక్కిందా, పోయిన చాలాకాలానికి యాత్రికుల కోసం చెక్కిందా, లేక ఆ పేరే మరొకరిదా? "ఎవరు చదివినా" అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. చదివేవాడు వస్తాడని, వాడికి లాటిన్ తెలుసని, చదివితే నోరు కదులుతుందని చెక్కినవాడికి నమ్మకం ఉంది. రాయి వయసు తేలకపోయినా రాయి చేసిన పని తేలింది.

ఇక్కడే మూడో ప్రశ్న తలుపు తడుతుంది. వీటన్నిటినీ "సమాధి పలకలు" అంటూ వచ్చాం. నిజంగా సమాధులవేనా? కొన్ని నిస్సందేహంగా అవే. క్లేర్ జిల్లాలో లాక్ డెర్గ్ సరస్సులోని ఇనిష్ కెల్‌ట్రా దీవిలో లీయం ద పేర్ 1970ల్లో పదేళ్లపాటు తవ్వకాలు జరిపాడు. ఆ దీవిలో ఒక పలక "పదిమంది సమాధి" అంటుంది. పదిమందిలో ఒక్కరి పేరూ లేదు. అదే దీవిలో ఒక శిలువ "ఐర్లండ్ పెద్దసాధువు" కథసఖ్ కోసం ప్రార్థన అడుగుతుంది. ఆయన 1111లో పోయినట్టు వృత్తాంతాల్లో ఉంది. మరో చెక్కుడు "శిలువ చేసిన తోర్నోక్ కోసం" అంటుంది. అంటే దీవిలో ప్రార్థన పొందినవారిలో చనిపోయినవాడూ ఉన్నాడు, చెక్కించినవాడో చెక్కినవాడో కూడా ఉన్నాడు. క్లోన్‌మక్‌నాయిస్‌లో "ఈ శిలువ చేయించిన తుర్కాన్ కోసం" అన్న పలకా అదే మాట. రాయి ఇచ్చినవాడు బతికుండగానే తన పేరు చెక్కించుకుని ఉండొచ్చు. "తుఅథల్ సయర్" అన్న పలక ఉంది. సయర్ అంటే వడ్రంగి, తాపీమేస్త్రి లాంటి పనివాడు. ఏ వృత్తాంతమూ పట్టించుకోని వృత్తి. "కోల్మాన్ బొఖ్త్" అంటే "పేద కోల్మాన్". దానిమీద ఓగమ్ అక్షరాలు కూడా ఉన్నాయి. పేద అన్నది వైరాగ్యపు బిరుదే కావొచ్చు.

ఈ రాళ్లమీద నా అభిప్రాయం ఇక్కడ సూటిగా చెబుతాను. వృత్తాంతాలు రాసినవారికి రాజులు, మఠాధిపతులు, బిషప్పులు, మంచి లేఖకులు ముఖ్యం. పలక మీద పేరు దొరికిన ప్రతిసారీ ఆ పెద్దల్లోనే వెతకడం వల్ల, వారిలో లేనివారిని మనమే తుడిచిపెట్టాం. బిరుదు లేకుండా, తండ్రి పేరు లేకుండా చెక్కిన వందలాది పేర్లలో ఎక్కువభాగం ఎప్పటికీ ఎవరో తేలవు. అలా తేలకపోవడాన్ని లోపంగా రాయడం మానాలి. పుస్తకంలోకి ఎక్కని మనుషులు తమ పేరు రాతికెక్కించుకున్న చోటు ఇది. ఆ కాలపు ఐర్లండ్‌లో వడ్రంగికీ లేఖకుడికీ ఒకే మాట, ఒకే శిలువ, ఒకే నేల దక్కడం ఈ రాళ్లు తప్ప మరొకటి చెప్పని సంగతి.

పెద్దల రాళ్లకూ ఓపిక కావాలి. క్లోన్‌మక్‌నాయిస్‌లోని బైబిల్ దృశ్యాల శిలువ అడుగున ఒక శాసనం ఉంది. వాన, గాలి దాన్ని దాదాపు మింగేశాయి. ఫ్లాన్ రాజు కోసం ప్రార్థన అని పెట్రీ నాటినుంచీ చదువుతూ వచ్చారు, సందేహాలూ లేచాయి. 1980లో డోనల్ ఓ మురఖు అనే శిల్పి కాగితం పరచి రుద్ది తీసిన అచ్చులు ప్రచురించాడు. ఫ్లాన్ పేరు, శిలువ చేయించిన కోల్మాన్ పేరు కాగితంమీద తేలాయి. ఫ్లాన్ 916లో పోయాడు కాబట్టి ఆ శిలువ కాలం గట్టిగా నిలబడింది. ఉలి పట్టిన చెయ్యి ఉలి గాటును గుర్తుపట్టిన తీరు నాకెంతో ఇష్టం.

ఇక ముక్కల సంగతి. పలకలు ఎందుకు ముక్కలయ్యాయి? దాడుల వల్ల, మంటల వల్ల అని సులువుగా అంటాం. ఎక్కువ నష్టం నిదానంగా, ద్వేషం లేకుండా జరిగింది. పన్నెండో శతాబ్దంలో కొత్త చర్చి కట్టేటప్పుడు మేస్త్రికి చదునైన రాయి కావాలి. చేతికందిన పలక గుమ్మం పైరాయి అయింది, గోడలో పూడిక అయింది. తర్వాతి శతాబ్దాల్లో ఊరివాళ్లు శిథిలంలోనే తమవాళ్లను పూడ్చుకుంటూ పాత పలకను తిప్పి కొత్త సమాధికి గుర్తుగా పెట్టుకున్నారు. లిస్మోర్‌లో కేథడ్రల్ గోడలోనే పాత శాసనాలు తాపి ఉన్నాయి. అందులో ఒకటి "కోల్గు ఆత్మకు ఆశీస్సు" అంటుంది. ప్రార్థన మాట ఉండి పేరు విరిగిపోయిన ముక్కలూ, పేరు సగం ఉండి మాట విరిగినవీ క్లోన్‌మక్‌నాయిస్‌లో ఎన్నో. 1869లో ఐరిష్ చర్చి చట్టం వచ్చాక చాలా శిథిలాలు ప్రభుత్వ పనులశాఖ చేతికొచ్చాయి. క్లోన్‌మక్‌నాయిస్ పూర్తిగా రాజ్యానికి దక్కింది 1955లో. ఇప్పుడు ఎవరికైనా పురావస్తువు దొరికితే 96 గంటల్లో తెలియజేయాలని ఐర్లండ్ చట్టం.

రాయి ఎక్కడ పడి ఉందో అది కూడా శాసనంలో భాగమే. టిప్పరరీ జిల్లాలో అహర్లో లోయ దగ్గర టూరీన్ పెకాన్ అనే చిన్న శిథిల చర్చి ఈ సంగతి నేర్పుతుంది. అక్కడ పేర్లున్న చిన్న చిన్న పలకల ముక్కలు చాలా దొరికాయి. ఒకదానిమీద "కుమ్మెనె, లద్‌కెన్" అని రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి. ఏడో శతాబ్దంలో ఒకే ఏడాదికి అటూ ఇటూ పోయిన ఇద్దరు పేరున్న పండితులకు ఈ పేర్లే ఉండడంతో, ఇవి వారివేనని కొందరంటారు. రెండు పేర్లు కలిసిరావడం ఒక్క పేరు కన్నా బలమైన ఆధారమే, కాదనను. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది పలకల పరిమాణం. అంత చిన్నవి సమాధిని కప్పవు. తలవైపు నిలబెట్టారా, ఓ గూటిలో పెట్టారా, యాత్రికులు ప్రదక్షిణలో ఆగే చోట్లలో ఉంచారా? 1944లో మైకేల్ డిగ్నన్ అక్కడ పరిశోధించాడు. ఆ వివరాలు అచ్చుకెక్కింది 1990లో, వేరేవాళ్ల చేతుల మీదుగా. ఈ మధ్యకాలంలో టోమాస్ ఓ కారగాన్ అక్కడ మళ్లీ తవ్వి, పలకల వెనక ఉన్న మఠపు జీవనాన్ని నేలలోంచి చదివే ప్రయత్నం చేశాడు.

ఇప్పుడు ఓగమ్ రాళ్లకు మూడు కొలతల స్కానింగ్ జరుగుతోంది. డబ్లిన్ ఉన్నతాధ్యయన సంస్థ మొదలుపెట్టిన పనిని గ్లాస్గో, మేనూత్ విశ్వవిద్యాలయాల బృందం విస్తరించింది. కంటికి అందని గాటును వెలుతురు వాలు మార్చి తెరమీద చూడగలుగుతున్నాం. ఆ శ్రద్ధే లాటిన్ అక్షరాల పలకలకూ, ముఖ్యంగా ముక్కలకూ దక్కాలి. క్లోన్‌మక్‌నాయిస్ పలకలు ఒకప్పుడు ఆవరణ గోడకు వరుసగా తాపి ఉండేవి, పెద్ద శిలువలను 1990ల మొదట్లో లోపలికి చేర్చి బయట నకళ్లు నిలబెట్టారు. టూరీన్ పెకాన్‌లో ముక్కలను పోకుండా చర్చి లోపలి గోడలకు సిమెంటు చేసి పెట్టారు. దొంగల నుంచీ వాన నుంచీ అది కాపాడింది. కానీ గోడలో ఇరికిన పలకకు ఒక్క ముఖమే కనిపిస్తుంది. నేలలో పాతడానికి కింది భాగాన్ని మొరటుగా వదిలారా, అంచులు నునుపుగా చెక్కారా, వెనకవైపు మరో గీత ఉందా అన్నదే అది నిలిచిన రాయో పరిచిన రాయో తేల్చేది. ఆ వెనక్కి, ఆ అంచులకి ఇప్పుడు సిమెంటు అడ్డం. ముందుగా పలకను జాగ్రత్తగా విప్పి, నాలుగు వైపులా కొలిచి, ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టారో రాసిపెట్టాకే పేర్ల గురించి మళ్లీ మాట్లాడాలి.